బొట్టు పెట్టిన సీసాలు

పోయిన వారం ప్రవళికను రాయదుర్గంలోని ఓ ఎత్తైన భవనంలో, చేతిలో గ్లాసుతో వదిలేసి వచ్చాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి దండం పెట్టి, ఫ్రాన్సులో లోయర్ నది ఒడ్డున వైన్ చేయడం నేర్చుకుని, జహీరాబాద్ దగ్గర ద్రాక్షతోట కౌలుకు తీసుకున్న ప్రవళిక. అక్కడి నేల పేరే తన వైన్‌కు పెట్టుకుంది, ‘ఎర్రమట్టి’ అని. మూడేళ్ళు సీసాల్లో నిద్రపుచ్చిన ఆ బుడగల వైన్‌కు ఇవాళ విడుదల పండుగ. దసరాకు ముందు సీసాలన్నిటినీ చివరి పనికి సిద్ధం చేసి పెట్టి, కాలు విరిగి మంచాన పడ్డ తన గురువు మదాం మార్టిన్‌కు సాయంగా ఫ్రాన్సు వెళ్ళింది. ఆ చివరి పని నాసిక్ నుంచి మనిషిని పిలిపించి నేనే చేయిస్తాను, నువ్వు హాయిగా రా, అని భాగస్వామి ఉదయ్ భాస్కర్ ఫోన్లో అన్నాడు. నమ్మింది. మొన్న తిరిగొచ్చింది. సీసాలున్న ప్రగతి నగర్‌లోని నేలమాళిగలో ఏసీ రిపేరు నడుస్తోందని చెప్పి ఉదయ్ ఆమెను ఆ ఛాయలకే పోనివ్వలేదు. ఈ సాయంత్రం అతిథులు రావడానికి ముందు, మనసు ఆగక, ఓ సీసా బిరడా తీసి గ్లాసులో పోసుకుంది. అక్కడ ఆపాం.

గ్లాసులోని బుడగలు ఆమెవి కావు.

సీసాలో పుట్టిన బుడగ సన్నగా ఉంటుంది. దారం పోగులా అడుగునుంచి లేస్తుంది, ఎంతసేపు చూసినా ఆ పోగు తెగదు. ఇవి బఠాణీ గింజలంత లావున బుస్సున పైకొచ్చి, గోలీసోడాలో మాదిరి చిటపటలాడి, చూస్తుండగానే చల్లబడిపోతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇరానీ హోటల్ బట్టీ ముందునుంచి నడిచినప్పుడు కొట్టే బన్ను వాసన రావాలి. ఏ వాసనా లేదు. ఓ గుక్క తాగితే నాలుక మీద చురుకు తప్ప రుచీ లేదు. ప్రవళికకు అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లాసు అలాగే పట్టుకుని హాలు వెనకున్న చిన్న గదిలోకి నడిచింది.

ఉదయ్ భాస్కర్ అద్దం ముందు కొత్త కోటు సర్దుకుంటున్నాడు. పదేళ్ళు ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న మనిషి. ఆమె ఉద్యోగం మానేస్తానంటే, నేనూ మానేస్తాను, నువ్వు వైన్ చెయ్యి, అమ్మే సంగతి నేను చూసుకుంటాను, అన్న మనిషి. ఆమె తలుపు మూసి, గ్లాసు అతని ముందు బల్లమీద పెట్టింది.

“ఏంది ఉదయ్ ఇది?”

“మన వైన్!” అన్నాడు నవ్వుతూ. “అదిరిపోయింది కదా?”

“సోడా ఇది. దీంట్ల గ్యాస్ ఎవడు కొట్టిండు?”

అతని నవ్వు మొహం మీదే ఉండిపోయింది గాని కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి. “ప్రవళికా, మెల్లగా. బయట మావయ్య వాళ్ళొచ్చేశారు.”

“ఎవలొస్తే నాకేంది? అడిగినదానికి జెప్పు.”

అతను కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు. ఆఖరికి కుర్చీలో కూలబడి రెండు చేతులూ పైకెత్తాడు. “సరే. గ్యాసే. ఒప్పుకుంటున్నాను. మన సీసాలింకా రెడీ కాలేదని ఆ నాసిక్ మనిషి చెప్పాడు. లాంచ్ డేట్ చూస్తే అందరికీ చెప్పేశాం. అందుకని అక్కణ్ణుంచే మంచి వైట్ వైన్ తెప్పించి, గ్యాస్ పట్టించి, మన సీసాల్లో నింపించాను. ఈ ఒక్క ఫంక్షన్‌కే. అంత కొంపలు మునిగేదేముంది ఇందులో?”

“మరి సీసా మీద నా పేరెందుకున్నది? మూడేళ్ళు సీసాల్నే పెరిగింది అని ఎందుకున్నది?”

“ఎవరికి తెలుస్తుంది చెప్పు? మన జనానికి షాంపేన్ అంటే బర్త్‌డేకి మొహాల మీద చల్లుకునేదే కదా.”

ఇలాంటి మాటలు మన ఊళ్ళో రోజూ వింటూనే ఉంటాం. మన జనానికి ఇది చాలు, మన జనానికి అది తెలియదు. అనేవాడు మాత్రం ఎప్పుడూ ఆ జనంలో ఉండడు. ప్రవళిక బల్లమీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

“షాంపేన్ అనకు! బయట ‘హైదరాబాద్ షాంపేన్’ అని అంతెత్తు బోర్డు గట్టినవ్, ముందుగాల అది పీకెయ్. అది ఫ్రాన్సుల ఓ ప్రాంతం పేరు, ఆ ప్రాంతపోళ్ళది. ఆ సుద్దమట్టి నేలల్ల పండి, ఆడనే తయారైతెనే ఆ పేరు. అల్సాస్‌ల, బర్గండీల, నాకు పని నేర్పిన లోయర్‌ల గూడ అదే తీరుగ చేస్తరు. అదే చాకిరి, అదే ఓపిక. అయినా వాళ్ళెవ్వరు ఆ పేరు పెట్టుకోరు. క్రెమాన్ అని రాసుకుంటరు. తెలుసా నీకు? వాళ్ళదే దేశం, వాళ్ళకే లేదు ఆ హక్కు. నీకెక్కడిది?”

ఉదయ్ కోటు అంచు సర్దుకున్నాడు. ఆమెకు మాత్రం మాటలు ఆగలేదు. ఆగేవి కూడా కావు. ఆ మూడేళ్ళు అతను చూసింది బోర్డులూ ఫోటోలూ. ఆమె చూసింది వేరు. ద్రాక్ష పిండి ముందు మామూలు తెల్ల వైన్ చేయాలి. దాన్ని సీసాల్లోకి పోసి, ప్రతి సీసాలో ఇంత చక్కెర, ఇంత ఈస్ట్ వేసి మూత బిగించాలి. మూత బిగించిన సీసాలో వైన్ రెండోసారి పులుస్తుంది. పులిసినప్పుడు పుట్టిన గ్యాస్‌కు బయటికి దారి ఉండదు కాబట్టి అది వైన్‌లోనే కలిసిపోతుంది. బుడగంటే అదీ. ఆ పని చేసిన ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిగా పడుతుంది. ఏళ్ళ తరబడి ఆ మడ్డి మీదే పడుకోబెడితే వైన్‌కు ఆ బన్ను వాసన పడుతుంది. ఆ తర్వాత మడ్డిని బయటికి తీయాలి. అందుకు సీసాలను చెక్క చట్రాల్లో గుచ్చి, రోజూ గోరంత తిప్పుతూ, గోరంత వంచుతూ, చివరికి పూర్తిగా తలకిందులు చేయాలి. అప్పుడు మడ్డంతా జారి మెడలోకి దిగుతుంది. ఆ మెడను గడ్డకట్టించి మూత తీస్తే, లోపలి గ్యాస్ ఆ మడ్డి గడ్డను తుపాకి గుండులా బయటికి తన్నేస్తుంది. మిగిలింది అద్దంలాంటి వైన్. నాసిక్ మనిషి చేయాల్సిన చివరి పని అదే. ప్రతి సీసానూ తన చేత్తోనే తిప్పి, మడ్డి మెడలోకి దిగిందని వెలుతురులో చూసుకుని, తలకిందులుగా నిలబెట్టి మరీ విమానం ఎక్కింది ప్రవళిక. ఇది తన చేతి పని అని నలుగురి ముందు చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నవి ఆ సీసాలే.

“సరే,” అంది చివరికి, ఊపిరి కూడదీసుకుని. “నీ సంగతి తర్వాత జూస్త. నా సీసాలు ఎట్లున్నయి? ఆడనే ఉన్నయా?”

“ఉన్నాయి,” అన్నాడు ఉదయ్. “ఎక్కడివక్కడే.”

తలుపు తోసుకుని పుణ్యవతి లోపలికి వచ్చింది. ఉదయ్ తల్లి. పట్టుచీర, తలనిండా కనకాంబరాలు, చేతిలో కుంకుమ భరిణె. ప్రవళికను చూడగానే ఆవిడ మొహం విప్పారింది. ప్రగతి నగర్‌లో సీసాలు తిప్పే రోజుల్లో, నేలమాళిగ మెట్లు దిగి క్యారేజీ తెచ్చి, నువ్వు తింటే గాని నేను కదలను, అని కూర్చునేది ఈవిడే.

“ఏమ్మా, ఎప్పుడొచ్చావు? వచ్చి రెండ్రోజులైందట, మన గుమ్మం తొక్కలేదు. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. ఇలా రా, బొట్టు పెడతాను.” పెడుతూనే అందుకుంది. “నువ్వు లేవని ఏ లోటూ రానివ్వలేదమ్మా నేను. ఆయుధపూజ నాడు వీడు కారుకీ లాప్‌టాప్‌కీ చేసి ఊరుకుంటానన్నాడు. మరి ప్రవళిక ఆయుధాలో, అన్నాను. కిందికి దిగి నీ సీసాలన్నీ ఒక్కొక్కటే తుడిచి, గంధం రాసి, బొట్టు పెట్టాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టిందనుకో.”

“అమ్మా, మావయ్య పిలుస్తున్నాడేమో చూడు,” అన్నాడు ఉదయ్ గబగబా.

ప్రవళిక ఆవిడ చెయ్యి వదల్లేదు. “ఆంటీ, తలకిందులుగ ఉన్నయి కదా సీసాలు. బొట్టు ఎట్ల పెట్టిన్రు?”

“అదే కదమ్మా! తలకిందులుగా నిలబెట్టిన వాటికి ఎవరైనా బొట్టు పెడతారా? అశుభం కాదూ? అన్నిటినీ తీసి నిటారుగా నిలబెట్టి పెట్టాను. హారతిచ్చాక మళ్ళీ అలాగే బోర్లా పెట్టించాను. ఒక్కటి కూడా పగల్లేదు తెలుసా.”

ఒక్కొక్కటీ తీసి, తుడిచి, నిటారుగా నిలబెట్టి. మెడలోకి దిగిన మడ్డంతా మళ్ళీ కిందికి జారి, సీసా మొత్తం కలిసిపోయి, కుడితినీళ్ళలా తయారై ఉంటుంది. ప్రవళికకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంత ప్రేమగా ఇంత నాశనం చేసే మనుషులు మన ఇళ్ళల్లోనే ఉంటారు.

“నేనేమైనా తప్పు చేశానా అమ్మా?” అంది పుణ్యవతి, భరిణె మూత మూస్తూ.

“ఏం గాలేదు ఆంటీ. పరేషాన్ గాకున్రి. మడ్డి కదిలింది, అంతే. వైన్‌కేం గాదు. మళ్ళ మొదటికెల్లి తిప్పుకుంట వస్తే మళ్ళ దిగుతది. కొన్ని వారాల పని. నేను రేపే మొదలువెడత.”

“దిగుతుందా?” అన్నాడు ఉదయ్.

ఆ గొంతులో ఏదో తేడా ఉంది. ప్రవళిక అతని వైపు తిరిగింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మళ్ళీ తేటపడుతుందా? అంత బురదలా అయిపోయాక కూడా?”

“ఎందుకు తేటపడదు? మడ్డే గదా. నువ్వెందుకు అట్ల అడుగుతున్నవ్?”

అతను గ్లాసు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ప్రవళిక చూపు బల్లమీది గ్లాసు మీద పడింది. బుడగలన్నీ చచ్చిపోయాయి. అడుగున లేత పసుపు రంగులో చప్పటి వైన్ మిగిలి ఉంది. ఇందాక ఆ సోడా రొదలో నాలుకకు ఏమీ తెలియలేదు. గ్లాసెత్తి ఓ గుక్క నోట్లో పోసుకుని, పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుంది.

జామకాయ. తడిసిన ఎర్రమట్టి. అన్నిటికంటే వెనక, వడకట్టి పీల్చేసినా ఇంకా ఎక్కడో వేలాడుతున్న బన్ను వాసన.

తన బిడ్డ గొంతు ఎంత గుంపులోనైనా తల్లికి తెలుస్తుంది కదా, ఇదీ అంతే. గ్లాసు బల్లమీద పెట్టింది.

“నాసిక్‌ది కాదిది,” అంది. “నాది.”

“ప్రవళికా...”

“నా సీసాలు ఖాళీ జేసినవ్.”

“పాడైపోయాయనుకున్నాను!” ఉదయ్ కుర్చీలోంచి లేచాడు. “పూజ అయ్యాక కిందికెళ్ళి చూస్తే అన్నీ బురద! నాకేం తెలుసు మళ్ళీ దిగుతుందని? నువ్వేమో అక్కడ. మావయ్యేమో రోజూ ఫోన్. ఏం చెయ్యమంటావు? మూతలు తీయించి డ్రమ్ముల్లో పోయించాను. కూల్‌డ్రింకులు నింపే షెడ్డులో వడకట్టించి గ్యాస్ పట్టించాను. పారబొయ్యలేదు కదా! చుక్క కూడా వేస్ట్ చెయ్యలేదు!”

“అన్నీ? ఒక్కటి గూడ ఉంచలేదా?”

అతను తల దించుకున్నాడు.

“ఒక్క ఫోను,” అంది ప్రవళిక. గొంతు పెద్దది చేయలేదు. “సీసాల్ల మడ్డి లేచింది, ఏం జెయ్యాలె, అని ఒక్క ఫోను జేస్తే ఏం పోతుండె నీకు? ఏం ముట్టకు, అట్లనే ఉండనియ్ అంటుంటి. మా తోటల మొదటి పంట అది ఉదయ్. మళ్ళ ఎన్ని చేసినా అది రాదు. మూడేండ్ల వైన్‌ను డ్రమ్ముల పోసినవ్. దాంట్ల బుడగలన్నీ గాలికి వదిలిపెట్టి, మళ్ళ సోడా గ్యాస్ కొట్టిచ్చినవ్. కొట్టిచ్చి, నా పేరు రాసినవ్. ఫోన్ల రోజూ నాతోని నవ్వుకుంట మాట్లాడినవ్. నీకు అన్నం ఎట్ల పోయింది గొంతులకు?”

పుణ్యవతి గోడకానుకుని నిలబడిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. “నావల్లేనా అమ్మా ఇదంతా? నా చేతుల్తో నేనే చేశానా?”

ఇంత కోపంలోనూ ప్రవళిక వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది. “మీరు మొక్కిన్రు ఆంటీ. మీరు చేసింది తప్పు గాదు. తెల్వక చేసినదానికి మందున్నది. దాచిపెట్టి చేసినదానికే లేదు.”

బయట మైకులో ఎవరో ఆమె పేరు పిలిచారు. చప్పట్లు వినిపించాయి. ఉదయ్ ఆమె దారికి అడ్డం వచ్చాడు. “నీకు దండం పెడతాను. ఈ ఒక్క గంట నవ్వుతూ నిలబడు. రేపు కూర్చుని మాట్లాడుకుందాం. మళ్ళీ పంట రాదా, మళ్ళీ చేయలేవా నువ్వు?”

“జరుగు.”

“ప్రవళికా, ఆలోచించు. ఇప్పుడు నోరు విప్పితే పోయేది నీ పేరే.”

“నోరు విప్పకపోతేనే పోయేది. జరుగుమన్ననా!”

అతను జరిగాడు. ఆమె కళ్ళు తుడుచుకోకుండానే హాల్లోకి నడిచింది.

అద్దాల గోడల అవతల ఆఫీసు భవనాల మీద ఎండ దిగుతోంది. లోపల హోటళ్ళవాళ్ళు, పాత ఆఫీసు స్నేహితులు, పత్రికలవాళ్ళు. అందరి చేతుల్లోనూ గ్లాసులు. ముందు వరసలో ఉదయ్ మేనమామ విశ్వేశ్వరరావు కూర్చున్నాడు. ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ప్రగతి నగర్ నేలమాళిగ ఆయనదే. ఆడపిల్ల ఇలాంటి పని పెట్టుకుందని నలుగురూ నవ్విన రోజున, నవ్వకుండా తాళాలు చేతిలో పెట్టిన ఒక్కడూ ఆయనే. ఆయన మాటంటే ఆ ఇంట్లో వేదం. ఆ హాల్లో ప్రవళికకు ఎవరి ముందైనా తలెత్తుకుని నిలబడాలని ఉందంటే అది ఆయన ముందే.

మైకు అందుకుంది.

“అందరికీ నమస్కారం. దయచేసి గ్లాసులు కింద పెట్టున్రి. ఎవ్వరు తాగకున్రి. ఆ సీసా మీదున్న పేరు నాది. లోపలున్నది మాత్రం నేను చేసింది గాదు. నేను చేసినదాని శవం అది.”

హాలు గతుక్కుమంది. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. వెనకాలే వచ్చిన ఉదయ్ పక్కకు సైగ చేశాడు, మైకు మూగబోయింది. ప్రవళిక దాన్ని బల్లమీద పడేసింది. ఆ గొంతుకు మైకు అవసరం లేదు.

“దీంట్ల ఉన్నది సోడా గ్యాస్! మూడేండ్లు సీసాల్ల పెట్టిన వైన్‌ను నాకు తెల్వకుండ ఖాళీ జేసి, గ్యాస్ నింపి, మీకు అబద్ధం పోసిన్రు. నేను దీన్ని అమ్మనియ్య. మళ్ళ మొదటినుంచి చేస్త. మూడేండ్లు పట్టినా సరే, అయినంకనే మిమ్ములను పిలుస్త.”

విశ్వేశ్వరరావు మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన లేస్తే గుసగుసలన్నీ ఆగిపోయాయి.

“ఆగమ్మా. ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ఆ సీసాలు ఖాళీ చేయించింది ఎవరు?”

“ఉదయ్, సార్.”

ఆయన నుదురు చిట్లించాడు. “మావాడు నాతో అలా చెప్పలేదే. దసరా అయ్యాక నువ్వే ఫ్రాన్సు నుంచి ఫోన్ చేశావనీ, వైన్ కుదర్లేదు, నా పరువు పోతుంది, ఎవరికీ తెలియకుండా తీసేసి గ్యాస్ పట్టించమన్నావనీ చెప్పాడు. ఆడపిల్ల కష్టంలో ఉందని, ఆ షెడ్డు వాళ్ళకి నేనే స్వయంగా ఫోన్ చేసి పని చేయించాను.”

ప్రవళిక ఉదయ్ వైపు చూసింది. అతను తల దించుకోలేదు. ఇందాక గదిలో దండం పెట్టిన మనిషి ఎక్కడికి పోయాడో తెలియదు.

“అవును మావయ్యా,” అన్నాడు, బాధపడుతున్నట్టు. “తనే చెప్పింది. ఇప్పుడు నలుగురిలో దొరికిపోతానని భయపడి మాట మారుస్తోంది. పోనీలెండి, వదిలేద్దాం.”

“థూ!” అంది ప్రవళిక. కోపంతో ఆమె మెడ నరాలు పొంగాయి. “ఎంత సిగ్గులేనోడివిరా నువ్వు! సార్, నేను ఫోన్ జెయ్యలేదు. ఇప్పుడే ఆ గదిల ఈయన మొత్తం ఒప్పుకున్నడు. ఆంటీ ముంగట ఒప్పుకున్నడు. పూజ చేసింది, సీసాలు నిలబెట్టింది, అన్నీ ఆంటీకి తెలుసు. నా మాట నమ్మకున్రి, ఈయన మాట నమ్మకున్రి. మీ చెల్లెలును అడుగున్రి.”

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. పుణ్యవతి గది గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చెల్లెలు తన దగ్గర అబద్ధం చెప్పదని విశ్వేశ్వరరావుకు ఎంత నమ్మకమో, ఆ ఇంటితో పరిచయం ఉన్న ప్రతివాళ్ళకూ తెలుసు.

“చెప్పమ్మా పుణ్యా,” అన్నాడాయన. “నువ్వేం చెబితే అదే. ఈ అమ్మాయి ఫోన్ చేసిందా, లేదా?”

పుణ్యవతి కొంగు భుజం మీదికి లాక్కుంది. కొడుకు వైపు చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత అన్నగారి వైపు తిరిగింది. ప్రవళిక వైపు మాత్రం చూడలేదు.

“చేసింది అన్నయ్యా,” అంది. “వాడు ఫోన్ స్పీకర్లో పెట్టాడు. పక్కనే కూర్చుని నేనూ విన్నాను. ఈ అమ్మాయే తీసేసి గ్యాస్ పట్టించమంది.”